గ్రాఫింగ్ కాల్క్యులేటర్ సమీకరణాన్ని సాధించనప్పుడు: టీఐ-84 ప్లస్ వాడేవారికి సమగ్ర మార్గదర్శి

అమెరికాలో హైస్కూలు చదివే తెలుగు పిల్లల సంచుల్లో తరచుగా కనిపించే గ్రాఫింగ్ కాల్క్యులేటర్ టీఐ-84 ప్లస్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ దీనిని 2004లో తెచ్చింది. రంగుల తెర, రీఛార్జి బ్యాటరీ ఉన్న సీఈ రకం 2015లో వచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ కాసియో ఎఫ్‌ఎక్స్-991తోనే గట్టెక్కినవారు కనుక, "నాన్నా, ఇది ఎర్రర్ అంటోంది" అని పిల్లవాడు యంత్రాన్ని చేతిలో పెడితే ఎక్కడ మొదలుపెట్టాలో తోచక తికమకపడతారు. వారాంతాల్లో కొందరు పిల్లలకు లెక్కలు చెప్పే అలవాటు ఉండడం వల్ల ఈ తికమకలు నాకు బాగా పరిచయం. యంత్రం చెడిపోయిందని తెచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి గానీ, వాటిలో నిజంగా చెడిపోయినది నాకు ఇంతవరకు ఒక్కటీ తగలలేదు.

యంత్రం లోపల జరిగే పని

మనం కాగితం మీద సమీకరణాన్ని సాధించేటప్పుడు పదాలను అటూ ఇటూ మారుస్తాం, కారణాంకాలుగా విడగొడతాం, సూత్రంలో ప్రతిక్షేపిస్తాం. టీఐ-84లోని సాల్వర్‌కు గానీ, గ్రాఫు తెర మీద వక్రం సున్నా అయ్యే చోటును చూపే జీరో, రెండు వక్రాలు కలిసే చోటును చూపే ఇంటర్సెక్ట్ ఆదేశాలకు గానీ ఇవేవీ తెలియవు. ఇచ్చిన ప్రమేయంలో ఒక విలువ వేసి చూస్తుంది. ఇంకొకటి వేసి చూస్తుంది. ఒకచోట ఫలితం రుణంగా, మరొకచోట ధనంగా వస్తే ఆ రెండింటి నడుమ ఎక్కడో సున్నా ఉండి తీరాలని భావించి, ఆ నడిమి జాగాను కుదించుకుంటూ పోతుంది. వెతుకులాట ఎక్కడ మొదలుకావాలో, ఏ హద్దుల మధ్య సాగాలో చెప్పే బాధ్యత మనది. దిగువ చెప్పే పొరపాట్లలో చాలావరకు ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి: గుర్తు మారకపోతే యంత్రానికి మూలం, అంటే ప్రమేయం సున్నా అయ్యే విలువ, కనపడదు, మూలం లేని చోట గుర్తు మారితే అది మోసపోతుంది, హద్దుల బయట ఏముందో దానికి పట్టదు.

మొదటి అడుగు: మోడ్ తెర

ఏ ఫిర్యాదు వచ్చినా ముందు మోడ్ మీట నొక్కి రేడియన్ వెలిగి ఉందో, డిగ్రీ వెలిగి ఉందో చూడాలి. ఇది ముందే ఎందుకంటే, ఈ తప్పు ఏ ఎర్రర్ సందేశమూ ఇవ్వదు. చక్కని పది అంకెల తప్పు జవాబు ఇస్తుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. కాస్ ఎక్స్ = ఎక్స్ అనే సమీకరణానికి రేడియన్లలో జవాబు 0.7390851. అదే యంత్రం డిగ్రీలో ఉంటే జవాబు 0.9998477 అని వస్తుంది. రెండోది యంత్రం చేసిన తప్పు కాదు. డిగ్రీల కొలతలో ఆ ప్రశ్నకు అదే సరైన జవాబు. ఒక డిగ్రీ కోణానికి కొసైన్ దాదాపు ఒకటి కనుక రేఖలు అక్కడే కలుస్తాయి. గ్రాఫు గీసినా ఈ తేడా వెంటనే తెలిసిపోతుంది: మామూలు తెర హద్దుల్లో, అంటే రెండు అక్షాల మీదా −10 నుంచి 10 వరకు, రేడియన్లలో కొసైన్ వక్రం మూడుసార్లకు పైగా ఎగిసి పడుతుంది, డిగ్రీలలో 1 ఎత్తున గీత గీసినట్టు చదునుగా ఉండిపోతుంది. త్రికోణమితి ప్రమేయం గ్రాఫు చదునుగా కనిపిస్తే ఇంకేమీ వెతకనక్కరలేదు, నేరుగా మోడ్ తెరకు వెళ్లండి.

అదే తెరలో రియల్ అన్న ఎంపిక ఉంటే, లెక్క మధ్యలో రుణసంఖ్యకు వర్గమూలం తీయవలసి వచ్చినప్పుడు "నాన్‌రియల్ ఆన్సర్" అని ఆగిపోతుంది. చాలా సందర్భాల్లో అది మన టైపింగులో గుర్తు తారుమారైందని చెప్పే మంచి హెచ్చరిక. కాబట్టి దానిని తప్పించుకోవడానికి వెంటనే సంకీర్ణ సంఖ్యల మోడ్‌కు మారకండి.

రెండో అడుగు: టైపు చేసినదాన్ని చదవడం

"సింటాక్స్" అని ఎర్రర్ వస్తే తెర మీద రెండు దారులు కనిపిస్తాయి: క్విట్, గోటూ. పిల్లలు అలవాటుగా క్విట్ నొక్కి మొత్తం మళ్లీ మొదటినుంచి టైపు చేస్తారు, మళ్లీ అదే తప్పు చేస్తారు. గోటూ నొక్కితే యంత్రానికి అర్థం కాని చోటికే కర్సర్ వెళ్లి నిలుస్తుంది. నూటికి తొంభైసార్లు అక్కడ ఉండేది మైనస్ గుర్తే అని నా అనుభవం.

టీఐ-84లో మైనస్‌లు రెండు. కుడి చివరి వరసలో కూడిక గుర్తు పైన ఉన్నది తీసివేత. ఎంటర్ పక్కన, కుండలీకరణాల మధ్య చిన్న గీతతో ఉన్నది రుణ గుర్తు. తెర మీద రుణ గుర్తు కాస్త పొట్టిగా, కాస్త పైకి ఉంటుంది. అలవాటు లేని కంటికి రెండూ ఒకటే. 5 నుంచి 3 తీసివేయడానికి రుణ గుర్తు వాడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. −3తో లెక్క మొదలుపెట్టడానికి తీసివేత మీట నొక్కితే, అంతకుముందు వచ్చిన జవాబు నుంచి 3 తీసివేయమంటున్నామనుకుని యంత్రం వరస మొదట్లో "ఆన్స్" అని తానే చేరుస్తుంది. ఆ "ఆన్స్"ను గమనించకుండా ఎంటర్ నొక్కితే ఎర్రరేమీ రాదు, తప్పు జవాబు మాత్రం వస్తుంది. −3² అని టైపు చేస్తే −9 వస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. వర్గం ముందు, రుణం తరువాత. 9 కావాలంటే −3ను కుండలీకరణాల్లో పెట్టాలి.

సైన్ మీట నొక్కగానే దాని వెంట కుండలీకరణం తెరుచుకుంటుంది, కానీ దానిని మూయడం మన పని. మూయకపోయినా యంత్రం ఊరుకుంటుంది, వరస చివర తానే మూసుకుంటుంది. సైన్ ఎక్స్‌కు 1 కలపాలనుకున్న పిల్లవాడు మూయకుండా టైపు చేస్తే ఎక్స్ + 1 మొత్తానికి సైన్ తీసినట్టవుతుంది.

ఇక తండ్రీకూతుళ్ల మధ్య తగవు పెట్టగల విషయం ఒకటుంది. 1 భాగహారం 2ఎక్స్ అని ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, ఎక్స్‌కు 4 ఇస్తే టీఐ-84 ఇచ్చే జవాబు 2. అది 1/2ను ముందు లెక్కించి తరువాత ఎక్స్‌తో గుణిస్తుంది. నాన్నగారి పాత ఎఫ్‌ఎక్స్-991ఈఎస్‌లో అదే టైపు చేస్తే 0.125 వస్తుంది, ఎందుకంటే గుణకార గుర్తు వదిలేసిన 2ఎక్స్‌ను ఆ కాసియో ఒకే ముద్దగా భావిస్తుంది. రెండూ తమ తమ నియమం ప్రకారం సరిగానే చేశాయి. భిన్నం కింద ఒకటి కంటే ఎక్కువ పదాలో, గుణకాలో ఉంటే కుండలీకరణం పెట్టడమే దీనికి మందు.

పాత టీఐ-84లో సమాన గుర్తు చేసే మాయ ఇంకా చిత్రంగా ఉంటుంది. ఆ సాల్వర్ ప్రతి సమీకరణాన్నీ "0 =" తో మొదలుపెట్టి మిగతా భాగాన్ని మాత్రమే అడుగుతుంది. ఎక్స్³ = 4ఎక్స్ − 1 సాధించాలనుకున్న విద్యార్థి సమాన గుర్తు కోసం వెతికి, సెకండ్, మ్యాథ్ మీటలు నొక్కితే వచ్చే టెస్ట్ పట్టికలో దానిని పట్టుకుని సమీకరణం మొత్తం అలాగే టైపు చేస్తాడు. టెస్ట్ పట్టికలోని సమాన గుర్తు సమీకరణం రాయడానికి కాదు. రెండు వైపులా సమానమైతే 1, కాకపోతే 0 ఇచ్చే పరీక్ష అది. ఎక్స్‌కు మనం ఏ విలువ ఇచ్చినా రెండు వైపులా దాదాపు ఎప్పుడూ సమానం కావు, పరీక్ష 0 ఇస్తుంది, 0 = 0 అయిపోయిందని సాల్వర్ సంతృప్తి పడుతుంది. మనం ఊహగా ఇచ్చిన సంఖ్యే క్షణంలో జవాబుగా తిరిగి వస్తుంది. ఇచ్చిన ఊహే జవాబుగా వచ్చిందంటే ముందు అనుమానించవలసింది ఈ గుర్తునే. పాత రకంలో అన్నీ ఒకవైపుకు తెచ్చి ఎక్స్³ − 4ఎక్స్ + 1 అని ఇవ్వాలి. కొత్త సీఈలో సమీకరణం రెండు వైపులకూ వేరువేరు గళ్లు ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

మూడో అడుగు: గ్రాఫు కంటే ముందు పట్టిక

పుస్తకాలన్నీ గ్రాఫు గీసి చూడమంటాయి. నా సలహా వేరు: ముందు విలువల పట్టిక చూడండి, తరువాతే గ్రాఫు. కారణం ఈ ఉదాహరణలో ఉంది.

2^ఎక్స్ = 100ఎక్స్ అనే సమీకరణం తీసుకోండి. ఎడమ వైపును వై1గా, కుడి వైపును వై2గా ఇచ్చి జూమ్, 6 నొక్కితే మామూలు తెర వస్తుంది. నిలువు అక్షాన్ని ఆనుకున్నట్టు నిట్టనిలువుగా 100ఎక్స్ రేఖ, దానిని 1 ఎత్తు దగ్గర దాటుకుంటూ 2^ఎక్స్ వక్రం కనిపిస్తాయి. ఇంటర్సెక్ట్ నడిపితే ఎక్స్ = 0.01007 అని వస్తుంది. విద్యార్థి ఆ జవాబు రాసేసి పుస్తకం మూసేస్తాడు, సగం మార్కులు పోగొట్టుకుంటాడు.

ఇప్పుడు వై3లో వై1 − వై2 ఇచ్చి, సెకండ్, విండో నొక్కి పట్టికను 0 నుంచి ఒక్కొక్కటిగా పెంచమని చెప్పి, సెకండ్, గ్రాఫ్ నొక్కండి. ఎక్స్ 0 దగ్గర వై3 విలువ 1. 1 దగ్గర −98. ఇది మనకు తెలిసిన మూలం. కిందికి దిగుతూ పోతే విలువలన్నీ రుణాలే. 9 దగ్గర −388, 10 దగ్గర 24. రుణం ధనమైంది! 9కి 10కి మధ్య ఇంకో మూలం ఉంది. అది 9.960. ఎక్స్ అక్షం ప్రకారం అది మామూలు తెర లోపలే ఉంది, కానీ అక్కడ రేఖలు కలిసే ఎత్తు 996. తెర పైఅంచు 10 దగ్గరే ఆగిపోయింది కనుక ఆ కలయిక తెరకు ఎంతో పైన ఎక్కడో జరుగుతోంది. విండో తెరలో ఎక్స్ హద్దులు 0 నుంచి 12, వై హద్దులు 0 నుంచి 1500 ఇస్తే అది కళ్లెదుట కనిపిస్తుంది. ఆ తెరలో మళ్లీ మొదటి మూలం మూలకు నలిగిపోయి కనపడదు. రెండు మూలాలకు రెండు తెరలు కావాలి. ఒకే తెరలో అన్నీ ఇరికించాలన్న పట్టుదల వద్దు.

జూమ్, 0 నొక్కితే వచ్చే జూమ్‌ఫిట్ ఇచ్చిన ఎక్స్ హద్దులకు తగినట్టు వై హద్దులను తానే సరిచేస్తుంది. ఎక్కడ చూడాలో బొత్తిగా తెలియనప్పుడు అది పనికొస్తుంది గానీ, వేగంగా పెరిగే ప్రమేయాలను అక్షానికి అతుక్కుపోయిన గీతలుగా మార్చేస్తుంది.

గ్రాఫు అసలే రాకపోతే చూడవలసినవి మూడు. "విండో రేంజ్" అని వస్తే కనిష్ఠ హద్దు గరిష్ఠం కంటే పెద్దదైపోయింది. "ఇన్‌వాలిడ్ డిమ్" అని వస్తే సమీకరణంతో సంబంధం లేదు; ఎప్పుడో గణాంకాల పాఠంలో వెలిగించిన స్టాట్ ప్లాట్ ఇంకా వెలిగే ఉంది, వై = తెర పైవరసలో దాని మీదకు వెళ్లి ఎంటర్ నొక్కి ఆర్పేయాలి. ఏ సందేశమూ లేకుండా తెర ఖాళీగా ఉంటే, వక్రం హద్దుల బయట ఉందో, లేక వై1 పక్కనున్న సమాన గుర్తు మీద నల్లని గడి పోయిందో చూడాలి. ఆ గడి లేకపోతే ఆ ప్రమేయం నిద్రపోతున్నట్టే లెక్క.

నాలుగో అడుగు: జీరో, ఇంటర్సెక్ట్

సెకండ్, ట్రేస్ నొక్కితే వచ్చే కాల్క్ పట్టికలో 2వది జీరో, 5వది ఇంటర్సెక్ట్. జీరో మూడు ప్రశ్నలు అడుగుతుంది: లెఫ్ట్ బౌండ్, రైట్ బౌండ్, గెస్. మూలానికి ఎడమవైపు ఒకచోట, కుడివైపు ఒకచోట, ఆ రెండింటి మధ్య ఒకచోట ఎంటర్ నొక్కాలి. బాణం మీటలతో ఒక్కో చుక్కా జరుపుతూ కూర్చోవలసిన పని లేదు. విలువల పట్టికలో చూసిన సంఖ్యలను నేరుగా టైపు చేయవచ్చు. ఈ సౌకర్యం సంగతి చాలామందికి తెలియదు.

ఎడమ హద్దు కుడి హద్దు కంటే పెద్దదైతే "బౌండ్" ఎర్రర్. ఊహ రెండు హద్దుల బయట పడినా, ఊహ చుట్టుపక్కల ప్రమేయానికి విలువే లేకపోయినా "బ్యాడ్ గెస్". ఉదాహరణకు లాగరిథమ్ ఉన్న సమీకరణానికి రుణసంఖ్యను ఊహగా ఇస్తే ఇదే వస్తుంది. ఈ రెండింటికీ మందు సులువు. అసలు తలనొప్పి "నో సైన్ ఛేంజ్".

ఆ సందేశానికి కారణాలు ఒకటి కంటే ఎక్కువ. ఇంటర్సెక్ట్ విషయంలో సాధారణ కారణం, కలిసే చోటు తెర బయట ఉండడం. ఈ ఆదేశం కనిపిస్తున్న తెర లోపలే వెతుకుతుంది. రెండో కారణం, నిజంగానే మూలం లేకపోవడం. మూడోది, హద్దుల మధ్య మూలాలు రెండు ఉండడం. ఎక్స్³ − 4ఎక్స్ + 1కు 0 దగ్గర విలువ 1, 3 దగ్గర 16, రెండూ ధనమే. కానీ ఆ నడుమ 0.2541, 1.8608 అని రెండు మూలాలున్నాయి: వక్రం ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి వచ్చింది. హద్దులను 0 నుంచి 1 వరకు ఒకసారి, 1 నుంచి 3 వరకు మరోసారి పెడితే రెండూ దొరుకుతాయి. −3 నుంచి 0 వరకు పెడితే మూడోది, −2.1149, వస్తుంది.

తెర మీద మూడు వక్రాలు ఉంటే ఇంటర్సెక్ట్ మొదటి రెండింటినే పట్టుకుంటుంది. ఫస్ట్ కర్వ్, సెకండ్ కర్వ్ అని అడిగినప్పుడు పైకీ కిందికీ బాణాలతో కావలసిన వక్రం మీదకు కర్సర్ మార్చిన తరువాతే ఎంటర్ నొక్కాలి. ఎంటర్ మూడుసార్లు గబగబా నొక్కేయడం పిల్లలకు అలవాటు. పక్కపక్కన రెండు కలయికలు ఉన్నప్పుడు ఆ తొందర వల్ల ఒకదానికి బదులు ఇంకొకటి వస్తుంది.

అక్షాన్ని తాకి వెనుదిరిగే మూలాలు

"నో సైన్ ఛేంజ్"కు నాలుగో కారణం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఎక్స్² − 4ఎక్స్ + 4 = 0కు మూలం 2 అని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కానీ ఆ ప్రమేయం 2 దగ్గర సున్నాను తాకి మళ్లీ పైకే వెళ్లిపోతుంది. రెండు వైపులా ధనమే. గుర్తు మారడం మీద ఆధారపడే వెతుకులాటకు ఇది కొరుకుడు పడదు. ఇలాంటప్పుడు కాల్క్ పట్టికలోని మినిమమ్ వాడాలి, వక్రం కిందినుంచి తాకుతుంటే మాగ్జిమమ్. ఎక్స్ విలువ 2కు బదులు 1.9999989 లాంటి సంఖ్యగా రావచ్చు. కనిష్ఠం దగ్గర వక్రం చదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ చివరి అంకెలను నమ్మకూడదు.

అయితే మినిమమ్ ఇచ్చిన వై విలువను తప్పకుండా చూడండి. చివరి 4 స్థానంలో 4.001 పెడితే ఈ సమీకరణానికి వాస్తవ మూలాలే ఉండవు, 3.999 పెడితే 1.968, 2.032 అని రెండుంటాయి. 96 అడ్డం, 64 నిలువు చుక్కలున్న పాత తెర మీద ఈ మూడు గ్రాఫులూ అచ్చం ఒకేలా ఉంటాయి. కంటికి తాకినట్టు కనిపించడం రుజువు కాదు. వర్గ సమీకరణమైతే విచక్షణిని కాగితం మీద లెక్కించడానికి అరనిమిషం చాలు.

దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి కూడా ఉంది. 1 భాగహారం (ఎక్స్ − 2.5) విలువ 2 దగ్గర −2, 3 దగ్గర 2. పట్టికలో గుర్తు మారింది, మూలం మాత్రం లేదు, 2.5 దగ్గర వక్రం పాతాళానికి పోయి ఆకాశం నుంచి దిగింది. "సింగులారిటీ" అన్న ఎర్రర్ ఇలాంటి చోటును గురించిందే. టాన్ ఉన్న సమీకరణాల్లోనూ ఇదే ఉచ్చు ఉంటుంది. గుర్తు మారిన చోట పట్టిక మెట్టును 0.1కి తగ్గించి మళ్లీ చూడండి: నిజమైన మూలమైతే విలువలు సున్నా వైపు చిన్నబోతాయి, ఉచ్చైతే పెద్దవవుతాయి.

సాల్వర్‌తో వచ్చే చిక్కులు

మ్యాథ్ పట్టిక చివర ఉండే సాల్వర్‌లో ఎక్స్ ఒక్కటే కాదు, ఎన్ని అక్షరాలనైనా వాడవచ్చు. 1,50,000 డాలర్లు ఐదేళ్లలో 2,00,000 కావాలంటే ఏటా ఎంత చక్రవడ్డీ రావాలో తెలుసుకోవాలనుకుందాం. పాత రకంలో 0 = పీ(1+ఆర్)^ఎన్ − ఏ అని ఇచ్చి, పీ, ఎన్, ఏ విలువలు నింపి, ఆర్ దగ్గర 0.1 అని ఊహ ఇచ్చి, కర్సర్‌ను ఆర్ మీదే ఉంచి ఆల్ఫా, ఎంటర్ నొక్కాలి. 0.0592, అంటే సుమారు 5.92 శాతం అని వస్తుంది. మామూలు ఎంటర్ నొక్కితే కర్సర్ కింది వరసకు దిగుతుంది తప్ప లెక్క జరగదు. కర్సర్ ఎన్ మీద ఉండగా ఆల్ఫా, ఎంటర్ నొక్కితే మనం ఇచ్చిన 5 పోయి ఎన్‌కు కొత్త విలువ వస్తుంది. యంత్రం ఈసారి దేనిని సాధించిందో ఆ అక్షరం పక్కన చిన్న నల్లని గడి కనిపిస్తుంది. ఆ గడి లేని సంఖ్య పాతదే.

సాల్వర్ తెరవగానే నిన్నటి సమీకరణం తాలూకు అక్షరాలే కనిపించి, కొత్తది ఎక్కడ టైపు చేయాలో తెలియడం లేదని అడుగుతుంటారు. పై బాణం నొక్కితే సమీకరణం వరస వస్తుంది. క్లియర్ నొక్కి కొత్తది రాసుకోవచ్చు.

అట్టడుగున బౌండ్ అని ఉండే వరసలో యంత్రం తానుగా పెట్టుకున్న హద్దులు 99 సున్నాలంత దూరం ఉంటాయి. మూలాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్న సమీకరణానికి వాటిని అలాగే వదిలేస్తే ఏ మూలం వస్తుందో చెప్పలేం. పట్టికలో గుర్తు మారిన రెండు సంఖ్యలను అక్కడ వంకర కుండలీకరణాల మధ్య పెట్టండి. "ఇటరేషన్స్" అన్న ఎర్రర్, అంటే అనుమతించినన్ని ప్రయత్నాలూ అయిపోయాయన్న సందేశం, చాలావరకు దీనితోనే తీరిపోతుంది.

జవాబుతోపాటు "లెఫ్ట్ మైనస్ రైట్" అని ఒక వరస వస్తుంది. ఎడమ వైపు విలువలోంచి కుడి వైపు విలువ తీసివేస్తే మిగిలినది అది. సున్నా అయినా, దశాంశ బిందువు తరువాత పన్నెండు పదమూడు సున్నాలున్న చిన్న సంఖ్య అయినా సరే. యంత్రం లోపల 14 అంకెలతో లెక్కిస్తుంది కాబట్టి ఆ మాత్రం శేషం సహజం. అంతకంటే చెప్పుకోదగ్గ సంఖ్య ఉంటే పైనున్నది జవాబు కాదు, వెతుకులాట ఆగిపోయిన చోటు.

బహుపదులు, సమీకరణాల జతలు

సమీకరణం బహుపది అయినప్పుడు ఈ వెతుకులాట అంతా అనవసరం. యాప్స్‌లో పాలీస్మల్ట్2 అనే అనువర్తనం 10వ ఘాతం దాకా బహుపదుల మూలాలన్నిటినీ, సంకీర్ణ మూలాలతో సహా, ఒక్కసారే ఇస్తుంది. గుణకాలు మాత్రం క్రమంలో ఇవ్వాలి. లేని పదానికి 0 ఇవ్వడం మరచిపోవడమే అక్కడ జరిగే ఒకే ఒక్క తప్పు.

రెండు మూడు చలరాశుల సమీకరణాల జతను మాత్రికలతో సాధించేటప్పుడు "సింగులర్ మ్యాట్" వస్తే నిర్ధారకం సున్నా అని అర్థం. దానితో కథ సగమే తెలుస్తుంది: 2ఎక్స్ + 3వై = 7 పక్కన 4ఎక్స్ + 6వై = 14 ఉంటే అనంత సాధనలు, 15 ఉంటే సాధనే లేదు. రెండింటికీ విలోమ మాత్రిక పద్ధతి ఒకే ఎర్రర్ ఇస్తుంది. ఆర్‌రెఫ్ (మాత్రికను వరసల వారీగా సరళం చేసే ఆదేశం) వాడితే తేడా తెలుస్తుంది: మొదటిదానిలో కింది వరస మొత్తం సున్నాలు, రెండోదానిలో 0, 0, 1.

కాసియో గ్రాఫింగ్ యంత్రాలు

ఎఫ్‌ఎక్స్-9750 వంటివి వాడేవారికి గ్రాఫు తెర మీద జీ-సాల్వ్ కింద రూట్, ఇసెక్ట్ ఉంటాయి. ఇవి హద్దులు అడగవు. ఎడమనుంచి మొదటి మూలం చూపిస్తాయి, కుడి బాణం నొక్కితే తరువాతిది. ఈక్వా మెనూలోని సాల్వర్ న్యూటన్ పద్ధతిలో వెతుకుతుంది, ఎడమ, కుడి విలువలను విడివిడిగా చూపిస్తుంది. "రీట్రై" అన్న మాట కనిపిస్తే వచ్చిన విలువ మీద దానికే నమ్మకం కుదరలేదన్నమాట. ఊహ మార్చి మళ్లీ నడపాలి. నాన్నగారి 991లో వచ్చే "కాంట్ సాల్వ్"కు మందు కూడా ఇదే.

జవాబును కాగితం మీద పెట్టేటప్పుడు

అమెరికా హైస్కూళ్లలోని ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాల్క్యులస్ పరీక్షలో కాల్క్యులేటర్ అనుమతించే భాగాల్లో దశాంశ జవాబులను మూడు స్థానాల దాకా సరిగా ఇవ్వాలి. తప్పు జరిగేది చివర కుదించడంలో కాదు, మధ్యలో కుదించడంలో. కాస్ ఎక్స్, ఎక్స్ రేఖల మధ్య 0 నుంచి అవి కలిసే చోటు వరకు ఉన్న వైశాల్యం 0.400. కలిసే చోటును 0.7 అని కుదించి వాడితే 0.399 వస్తుంది, మార్కు పోతుంది. ఇంటర్సెక్ట్ అయ్యాక సెకండ్, మోడ్ నొక్కి హోమ్ తెరకు వచ్చి, ఎక్స్, ఎస్‌టీఓ, ఆల్ఫా, ఏ అని నొక్కి ఎంటర్ చేస్తే అన్ని అంకెలూ ఏలో భద్రంగా ఉంటాయి. సమాకలని పైహద్దుగా ఏ అనే ఇవ్వవచ్చు. తరువాత ఇంకో గ్రాఫు మీద ట్రేస్ చేసినా ఎక్స్ విలువ మారిపోతుంది కనుక ఈ పని వెంటనే చేయాలి.

సరిచూడడానికి హోమ్ తెర మీద వై1(ఏ), వై2(ఏ) అడగండి. వై1 అన్నది ఆల్ఫా, ట్రేస్ నొక్కితే దొరుకుతుంది. ఆల్ఫా వై, 1 అని విడివిడిగా టైపు చేస్తే యంత్రం దానిని వేరే లెక్కగా చూస్తుంది.

ఇంకా దారికి రాకపోతే

గ్రాఫు మరీ నెమ్మదిగా నడుస్తుంటే ఆన్ మీట నొక్కి ఆపవచ్చు. "బ్రేక్" అని వచ్చేది ఎర్రర్ కాదు, మనం ఆపామన్న కబురు. తెర నల్లగానో తెల్లగానో అయిపోతే పాత రకంలో సెకండ్ నొక్కి వదిలి, పై బాణమో కింది బాణమో పట్టుకుంటే కాంట్రాస్ట్ సరిపడుతుంది.

సెట్టింగులన్నీ కలగాపులగం అయిపోయాయనిపిస్తే సెకండ్, కూడిక మీట నొక్కి రీసెట్‌లోకి వెళ్లండి. అక్కడ ఆల్ ర్యామ్, డిఫాల్ట్స్ అని పక్కపక్కనే ఉంటాయి. మొదటిది ర్యామ్‌లో దాచుకున్న ప్రోగ్రాములను, జాబితాలను తుడిచేస్తుంది. మనకు కావలసింది రెండోది. డిఫాల్ట్స్ తరువాత తెర హద్దులు −10 నుంచి 10కి, కోణం రేడియన్‌కు వచ్చేస్తాయి. మీ పిల్లల తరగతిలో ఇప్పుడు త్రిభుజాల పాఠం నడుస్తుంటే, యంత్రాన్ని సంచిలో పెట్టే ముందు మోడ్ తెరలో డిగ్రీని మళ్లీ వెలిగించండి.